పాత రైలు ఫొటోలకు రంగులు పులమవద్దు

సంపాదకులకు నమస్కారం.

ఆవిరి ఇంజన్ల కాలపు నలుపు తెలుపు ఫొటోలకు కంప్యూటర్‌తో రంగులద్ది ప్రచురించే అలవాటు ఈమధ్య బాగా పెరిగింది. మొన్న ఒక ఆదివారం అనుబంధంలో, ఒకప్పుడు మన ప్రయాణికుల రైళ్లను లాగిన డబ్ల్యూపీ రకం ఆవిరి ఇంజన్ ఫొటోను ఆ రూపంలో చూసి, బిట్రగుంటలో రైలు ఇంజన్లు నిలిపే లోకో షెడ్డు పొగలో పెరిగిన నాకు మనసు కష్టమై ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇంజన్ ముక్కు మీది నక్షత్రానికి ఎర్ర రంగు వేశారు. నలుపు తెలుపు నెగెటివ్‌లో ఎక్కడ ఎంత వెలుగు పడిందన్న లెక్కే ఉంటుంది గాని అది ఎరుపో నీలమో ఉండదు కనుక, ఆ ఎరుపు కేవలం యంత్రం ఊహ.

అంతకన్నా బాధ పెట్టింది ఆవిరి. సిలిండర్ల దగ్గర తెల్లగా చిమ్మిన ఆవిరి చక్రాల మీదుగా పలచబడి, పట్టాల దగ్గర బూడిద వన్నెలో కలిసిపోతుంది. ఆ వన్నెల మెట్లన్నీ ప్రింటులోకి తేవడానికి చీకటి గదిలో ఎర్ర బల్బు వెలుగులో, ఒకచోట అరచేతిని అడ్డం పెట్టి, మరోచోట ఇంకో నాలుగు సెకన్లు వెలుగు పోసి, డెవలపర్ తొట్టిలో బొమ్మ తేలేదాకా ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లం. రంగు పూసిన ఫొటోలో ఆ ఆవిరంతా ఒకే నీలిపూత అయిపోయింది.

ఈ కళ ఎంత దూరం పోగలదో అమెరికా ఫొటోగ్రాఫర్ ఓ. విన్‌స్టన్ లింక్ చూపించారు. అక్కడి నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వేలో ఆవిరి ఇంజన్లు కనుమరుగవుతున్న రోజుల్లో, 1955 నుంచి 1960 దాకా, ఆయన ఎక్కువగా రాత్రివేళల్లోనే ఫొటోలు తీశారు. సూర్యుణ్ణి గాని పట్టాలను గాని తనకు కావలసిన చోటికి జరపలేరు కాబట్టి, పదుల కొద్దీ ఫ్లాష్ బల్బులు తీగలతో కలిపి, వెలుగునే తాను కోరిన చోట నిలబెట్టారు. రైలు ఒక్కసారే వస్తుంది, బల్బులు ఒక్కసారే వెలుగుతాయి. ఆ నల్లని ఆకాశం మీద ఆవిరి అంత తెల్లగా మెరిసిందంటే అది ఆ ముందస్తు కష్టానికి దక్కిన ఫలం.

లింక్ కూడా ఫొటోను మార్చారు కదా అని తెలిసినవారు అడగవచ్చు. నిజమే. 1956లో వెస్ట్ వర్జీనియాలోని యేగర్‌లో, కార్లలో కూర్చుని సినిమా చూసేవాళ్లకు అవతలగా రైలు పోతున్న ఫొటో తీసినప్పుడు, ఫ్లాష్ వెలుగుకు తెర మీది బొమ్మ వెలిసిపోగా, విడిగా తీసిన విమానం బొమ్మను ఆయన తర్వాత ప్రింటులో చేర్చారు. అయితే అది ఫొటో తీసిన మనిషి, తన ఫొటో గురించి తానే తీసుకున్న నిర్ణయం. మన పాత ఫొటోలు తీసినవారిని ఎవరు అడిగారు?

మన దేశంలో బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల) మార్గాల మీద ఆవిరి ఇంజన్ల మామూలు నడక 1995లో ముగిసింది. ఆ ఫొటోలను మళ్లీ తీయడం ఎవరి వల్లా కాదు. కాబట్టి మీ పత్రికలో వాటిని ఉన్నవి ఉన్నట్టుగా, స్టేషన్ పేరు, సంవత్సరం, తెలిస్తే ఇంజన్ నంబరుతో సహా వేయవలసిందిగా కోరుతున్నాను. విశ్రాంత రైల్వే ఉద్యోగుల ఇళ్లలో బీరువాల అడుగున నెగెటివ్‌లు ఇంకా ఉన్నాయి. డబ్బా తెరవగానే వెనిగర్‌లాంటి పుల్లటి వాసన వస్తే ఫిల్ము చెడిపోతున్నట్టే. అటువంటివాటిని ఆలస్యం చేయకుండా స్కాన్ చేయించుకోమని మీ పాఠకులకు ఒక మాట చెప్పగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి,
నెల్లూరు