మెరిసేదంతా ప్రూఫ్ నాణెం కాదు

సంపాదకులు గారికి నమస్కారాలు.

మన జిల్లాలో జరిగిన పాత నాణేల ప్రదర్శన గురించి ఇటీవల మీరు వేసిన వార్తలో, కొత్తగా మెరిసే నాణేలన్నిటినీ కలిపి ‘ప్రూఫ్ నాణేలు’ అన్నారు. ఆ మాటను అలాగే నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాణ్ణి కనుక ఈ లేఖ రాస్తున్నాను.

ప్రూఫ్ అన్నది నాణెం ఎంత బాగుందో చెప్పే మాట కాదు, ఎలా తయారైందో చెప్పే మాట. మామూలు నాణేలు టంకశాలలో వేగంగా, ఒక్కో దెబ్బకు ఒకటి చొప్పున అచ్చయి, కుప్పగా పడి ఒకదానికొకటి రాసుకుంటాయి. ప్రూఫ్ కోసమైతే అచ్చుకూ, లోహపు బిళ్లకూ ముందే అద్దంలా మెరుగు పెట్టి, ఒకటికి రెండుసార్లు నిదానంగా కొట్టి, ఒక్కొక్కటే జాగ్రత్తగా తీస్తారు. బొమ్మ మంచు పట్టినట్టు తెల్లగా, చుట్టూ ఉన్న ఖాళీ అద్దంలా కనిపిస్తే దాన్ని కేమియో అంటారు; ఇదే తిరగబడితే రివర్స్ ప్రూఫ్. చలామణిలోకి రాని మామూలు నాణెం యూఎన్‌సీ (అన్‌సర్క్యులేటెడ్) అవుతుంది తప్ప, ఎంత తళతళలాడినా ప్రూఫ్ కాదు. 2023లో విడుదలైన ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణేన్ని ప్రూఫ్, యూఎన్‌సీ అని విడివిడిగా, వేర్వేరు ధరలకు అమ్మింది అందుకే.

నేను నెల్లూరులో ఒక వ్యాపారి దగ్గర 1969 నాటి గాంధీ శతజయంతి పది రూపాయల వెండి నాణెం ప్రూఫ్ అని చెబితే కొన్నాను. ఇంటికొచ్చి దీపం కింద వంచి చూస్తే, ఖాళీ భాగమంతా ఒకే వైపుకు సాగిన సన్నని గీతలు. అక్షరాల అంచులు మొద్దుబారి ఉన్నాయి. అరిగిన నాణేనికి ఎవరో మెరుగు పెట్టించారు. అడిగితే, ‘మెరుస్తోంది కదా సార్, ప్రూఫ్ కాకపోతే ఇంకేంటి?’ అన్నాడాయన. నిజమైన ప్రూఫ్ దగ్గర మీ పత్రికనే పట్టుకుంటే, ఖాళీ భాగంలో అక్షరాలు తిరగబడి స్పష్టంగా కనిపిస్తాయి. మన ఇళ్లలో పాత నాణేలను చింతపండుతో తోమే అలవాటు కూడా ఉంది. అలా వచ్చిన మెరుపు ఆ నాణెం విలువను తగ్గిస్తుందని చాలామందికి తెలియదు.

బ్రిటిష్ కాలపు నాణేలతో మరో చిక్కు ఉంది. బొంబాయి, కలకత్తా టంకశాలలు పాత అచ్చులతో సేకర్తల కోసం 1970 వరకు మళ్లీ కొట్టి ఇచ్చిన రీస్ట్రైక్‌లు ఉన్నాయి. వాటిని ఆనాటి ప్రూఫ్‌లుగా అమ్మడం న్యాయం కాదు.

పద్దెనిమిదో శతాబ్ది చివర మన నెల్లూరు దగ్గర పొలం దున్నుతుంటే రోమన్ బంగారు నాణేల కుండ దొరికింది. వాటిలో చాలా నాణేలు నిన్ననే టంకశాల నుంచి వచ్చినంత కొత్తగా ఉన్నాయని 1787 నాటి ఉత్తరంలో ఉంది. అంత చక్కగా నిలిచిన ఆ నాణేలనూ ఎవరూ ప్రూఫ్ అనరు. ఇటువంటి చరిత్ర ఉన్న జిల్లాలో నాణేల వార్త రాసేటప్పుడు ప్రూఫ్, యూఎన్‌సీ, రీస్ట్రైక్ అన్న మూడు మాటలనైనా వేరుచేసి రాయాలనీ, వీలైతే మీ ఆదివారం సంచికలో వాటిని ఫొటోలతో వివరించాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక నాణేల సేకర్త,
మూలాపేట, నెల్లూరు