ప్లేస్‌మెంట్ విభాగం నిర్లక్ష్యంపై ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: 45 ఏళ్లు దాటినవారికి మీ కరపత్రంలో హామీ ఇచ్చిన ఉద్యోగ సహాయం అందకపోవడం గురించి.

అయ్యా,

బాలానగర్‌లో నేను అకౌంట్స్ చూసిన పంపుల కార్ఖానా మూతపడ్డాక మీ సంస్థలో ట్యాలీ, జీఎస్టీ కోర్సు పూర్తిచేశాను. పాఠాల మీద నాకు ఫిర్యాదు లేదు, మాస్టారు ఓపికగానే చెప్పారు.

ఫీజు కట్టేదాకా రోజూ ఫోన్ చేసి, 'భోజనం చేశారా అంకుల్' అని కూడా అడిగిన కౌన్సెలర్ గారు, రసీదు చేతికిచ్చిన మర్నాటి నుంచి నా ఫోన్ ఎత్తడం మానేశారు. ప్లేస్‌మెంట్ విభాగంవారు అడ్మిషన్లవారిని అడగమంటే, వారు అమీర్‌పేట శాఖకు వెళ్లమన్నారు. అక్కడి కుర్రవాడు నా బయోడేటాలో పుట్టిన తేదీ ఒక్కటి చూసి, దాన్ని టీ ఫ్లాస్కు కింద పెట్టి, 'మెయిల్ పెట్టండి సర్, చూస్తాం' అన్నాడు. మెయిల్ పెడితే, 'మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి' అని జవాబు వచ్చింది. ఆ పరిష్కారమేమిటో నాక్కూడా తెలియజేస్తే సంతోషిస్తాను. ఇక మీరు పంపిన ఒకే ఒక ఇంటర్వ్యూ కబురు, 2024, 2025లో డిగ్రీ పూర్తిచేసిన ఫ్రెషర్లకట. నా డిగ్రీ 1994 నాటిది.

కేంద్రం ఉచితంగా నైపుణ్య శిక్షణ ఇచ్చే ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మూడో విడతలోనూ 45 ఏళ్ల దగ్గర గీత గీశారు, 2021లో కేంద్రం తెచ్చిన 'సేక్రెడ్' ఉద్యోగాల పోర్టల్ 60 నిండినవారిది. 52 ఏళ్ల నాబోటివాడు ఎటూ చెందడు. ప్రభుత్వ ఉద్యోగ సమాచార పోర్టల్ నేషనల్ కెరీర్ సర్వీస్‌లో ఉచితంగానే నమోదు చేసుకోవచ్చని తెలిసీ మీకు డబ్బు కట్టింది, అడిగితే పలికే మనిషి ఒకరుంటారనే. నా మాట మీద మా బావమరిది, కార్ఖానాలో స్టోర్స్ చూసిన మిత్రుడు కూడా మీ దగ్గరే చేరారు. వారికి నేనేం సమాధానం చెప్పుకోవాలి?

ఫీజు వాపసు ఇస్తారో, ఉద్యోగమే చూపిస్తారో, కనీసం పేరూ హోదా ఉన్న ఒక అధికారితో మాట్లాడిస్తారో మీ ఇష్టం. పదిహేను రోజుల్లో ఉలుకూ పలుకూ లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆపైన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళతాను. అక్కడ అయిదు లక్షల లోపు వ్యవహారానికి రుసుము లేదు, వకీలూ తప్పనిసరి కాదు. మీ పుణ్యమా అని నాకు తీరిక కూడా బోలెడంత ఉంది.

కరపత్రం, రసీదు నకళ్లు జతపరిచాను.

ఇట్లు,
మీ సంస్థ పూర్వ విద్యార్థి,
బాలానగర్, హైదరాబాద్