సవర పిల్లల వాచకానికి జిల్లాలోనే ఆమోదం ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అన్ని బడుల్లోనూ చేశారు, మా బడిలోనూ చేశాం. గిడుగు రామమూర్తి పంతులు గారి ఫొటోకి దండ వేసి పిల్లల చేత పద్యాలు చదివించాం. అయితే ఆయన పర్లాకిమిడిలో ఉన్నప్పుడు సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం సవరలోనే వాచకాలు రాసి, సొంత డబ్బు పెట్టి చదువు చెప్పించారన్న సంగతి సభల్లో ఎవరూ పెద్దగా ఎత్తరు. ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో, నిఘంటువుని 1938లో మద్రాసు ప్రభుత్వమే అచ్చు వేయించింది. నేను పనిచేసేది సీతంపేట ఏజెన్సీలో. మా బడి పిల్లలంతా సవరలే. ఇక్కడ ఒక టీచరు సవరలో చిన్న పుస్తకం తయారుచేసుకుని ఒకటో తరగతిలో వాడదామంటే, దానికి ఎవరు సరే అనాలో, ఎన్నాళ్లలో అంటారో చెప్పే నాథుడు లేడు. ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే.

కోయ, గోండి, కొలామి భాషలకి తెలుగుతో చుట్టరికం ఉంది, అవన్నీ ద్రావిడ భాషలే. సవర అలా కాదు, అది ముండా భాషల కుటుంబానికి చెందింది. కొండ మీది ఊళ్ల నుంచి వచ్చే ఐదారేళ్ల పిల్లకి తెలుగు పూర్తిగా కొత్త. అలాంటి పిల్ల చేతికి మనమిచ్చే లెక్కల పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. రెండూ తనవి కావు. ఏమడిగినా తలొంచుకుని కూర్చుంటుంది, మనమేమో వెనకబడిన పిల్ల అని రిజిస్టర్లో రాసేస్తాం. ఆ పిల్లే సాయంత్రం ఇంటి దగ్గర తమ్ముణ్ని చంకనేసుకుని కథ చెప్తుంది, జీడిపిక్కలు లెక్కపెట్టి పోగులు పెడుతుంది.

మా బడిలో పనిచేసిన భాషా వాలంటీరు, నేను, ఊళ్లో ఇద్దరు ముసలమ్మలు కలిసి ఒక వాచకం తయారుచేశాం. సవర మాటలే, తెలుగు లిపిలో. బొమ్మలు ఐదో తరగతి పిల్లలు వేశారు. కొండపోడు, చోడి అంబలి, అనాసకాయలు కావిళ్లతో సంతకి దింపడం, పసుపు తవ్వడం, ఇవే పాఠాలు. పాలకొండలో జిరాక్స్ తీయించి కుట్టించాం. పసుపు పాఠం చదువుతుంటే, బడి తెరిచినప్పటి నుంచి నోరు విప్పని ఒక పిల్లవాడు లేచి పుస్తకం దగ్గరికి వచ్చి, బొమ్మ మీద వేలు పెట్టి, కొమ్ములు ఉడకబెట్టకుండానే ఎండబోశారని చెప్పాడు. వాడు చెప్పింది నిజం. ఆ పేజీ మళ్లీ వేయించాం. ఆ రోజు నుంచి వాడు చదువుతాడు, అడుగుతాడు, గొడవ కూడా పెట్టుకుంటాడు.

తర్వాత తనిఖీకి వచ్చినవారు దీనికి ఎస్సీఈఆర్టీ (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి) ఆమోదం ఉందా అని అడిగారు. లేదన్నాను. అయితే పిల్లల చేతికివ్వొద్దు, బీరువాలో పెట్టండి అన్నారు. ఆయన్ని తప్పుపట్టను, రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే సమాధానం చెప్పుకోవాల్సింది ఆయనే. సరే కదా అని ఆమోదం కోసం కాపీలు పైకి పంపితే ఒక ఆఫీసులో ఇది మా పరిధి కాదన్నారు, ఇంకో ఆఫీసులో ప్రచురణకర్త ఎవరు, ఐఎస్‌బీఎన్ నంబరు ఏది, ధర ఎంత అని అడిగారు. అవి ప్రైవేటు పబ్లిషర్లని అడగాల్సిన ప్రశ్నలు. పుస్తకంలో ఏముందో తెరిచి చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

ఆమోదం అక్కర్లేదని నేననడం లేదు. తప్పకుండా ఉండాలి. లేకపోతే ఎవరికి తోచింది వాళ్లు బడిలో పెడతారు, గైడ్లు అమ్ముకునేవాళ్లు ముందు దూరతారు. పైగా సవరలో ఊరికీ ఊరికీ మాట కొంత మారుతుంది, గొంతులో ఆగిపోయే శబ్దాన్ని తెలుగు అక్షరాల్లో ఎలా రాయాలన్న దాని మీద తలో పద్ధతి ఉంది, కాబట్టి భాష తెలిసిన నలుగురు కూర్చుని చూడాల్సిందే. కానీ ఆ చూసేవాళ్లు ఎవరో ముందు తేలాలి కదా.

ఇది ప్రభుత్వానికి చేతకాని పనేం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలోనే సవర, కువి, కోయ, గోండి లాంటి ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తెచ్చి బడుల్లో మొదలుపెట్టారు. వాటిని రాసిందీ గిరిజన యువకులు, టీచర్లే. తర్వాత పట్టు సడలింది. వాలంటీర్లకి ఈ ఏడాది ఉద్యోగం ఉంటే వచ్చే ఏడాది ఉంటుందో లేదో తెలియని పరిస్థితి. చట్టం మాత్రం మారలేదు. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకి వీలు కల్పించాలనే 350ఎ అధికరణం రాజ్యాంగంలో ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ వీలైనంత వరకు పిల్లల మాతృభాషలోనే బోధించాలంటుంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదో తరగతి వరకు అదే మాట చెప్తుంది. అదే 29వ సెక్షన్ ప్రకారం పాఠ్యప్రణాళిక నిర్ణయించే అధికారం ఎస్సీఈఆర్టీది, దాన్ని కాదనం. మేమడిగేది పాఠ్యపుస్తకం మార్చమని కాదు, దానితో పాటు పక్కన ఇంకో చిన్న పుస్తకం పెట్టుకోనివ్వమని.

జిల్లా విద్యా శిక్షణ సంస్థలు, అంటే డైట్‌లు, 1986 విద్యావిధానంతో వచ్చినవే. స్థానికంగా పాఠ్యసామగ్రి తయారుచేయడానికి వాటిలో ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంటుంది. పాత శ్రీకాకుళం జిల్లాకి వమరవల్లిలో డైట్ ఉంది. ఒకటి నుంచి మూడు తరగతుల అదనపు వాచకాలకి ఆమోదం ఇచ్చే అధికారం ఎస్సీఈఆర్టీ రాతపూర్వకంగా డైట్‌లకి అప్పగించవచ్చు. అక్కడి కమిటీలో ఆ భాష మాట్లాడే టీచరు ఒకరు, ఊరి పెద్ద ఒకరు, ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) నుంచి ఒకరు ఉండాలి. ఏమేం చూస్తారో ముందే ఒక కాగితం మీద ఇవ్వాలి. రెండు నెలల్లో అవును కాదు ఏదో ఒకటి చెప్పాలి, కాదంటే ఎందుకు కాదో రాయాలి, దిద్దుకుని మళ్లీ పంపుతాం. ఒప్పుకున్న పుస్తకాన్ని పక్క మండలం బడి కూడా వాడుకునేలా ఆ జాబితా అందరికీ తెలియాలి, ఒడిశా సరిహద్దు దాకా ఇవే పిల్లలు, ఇదే అవసరం.

బడులు తెరిచేది జూన్‌లో. అచ్చు పనికి టైం కావాలి కాబట్టి ఈ ఉత్తర్వు సంక్రాంతి లోపు వస్తే వచ్చే ఏడాది ఒకటో తరగతిలో చేరే పిల్లలకి పుస్తకం అందుతుంది. విద్యాశాఖ, గిరిజన సంక్షేమ శాఖ కలిసి కూర్చుని ఈ పని చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు,
సీతంపేట మండలం, పార్వతీపురం మన్యం జిల్లా