ముందు నీళ్ళు అడగడం నేర్చుకో

జడ్చర్ల
ఆదివారం రాత్రి

బిడ్డా,

వందనాలు. నీ ఉత్తరం మంగళవారం అందింది. మీ మిషన్ ట్రైనింగులో ఫోన్ ఆదివారం మధ్యాహ్నం ఒక్క గంటే చేతికిస్తారంటే మొదట నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు ఆ రూలు పెట్టినవాళ్ళకు దండం పెట్టాలనిపిస్తోంది. ఫోన్లో అయితే "తిన్నా, బాగున్నా" అని రెండు ముక్కలు చెప్పి పెట్టేస్తావు. ఉత్తరంలో ఆరు పేజీలు రాశావు. మీ నాయన నాతో రెండుసార్లు చదివించుకున్నాడు, మూడోసారి అద్దాలు వెతుక్కుని తనే చదివాడు. నువ్వు ముప్పై మందికి అన్నం వండబోయి అడుగంటించిన చోట ఆగి, "ఇంట్లో నలుగురికి వండితేనే మెతుకు పలుకుండేది, దీనికి అంత పెద్ద గుండిగ ఎవరిచ్చారు" అని నవ్వాడు. నవ్వి, ఆ తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు.

నీ గురించి అడిగేవాళ్ళకు జవాబు చెప్పడం నాకొక పనైపోయింది. మొన్న జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినామె "బిడ్డ ఏం చేస్తోంది" అంటే, "మిషన్‌లో ఉంది, ఇంకా ట్రైనింగే" అన్నాను. "అయ్యో, జీఎన్ఎం నర్సింగు దాకా చదివించి దాన్ని కూడా మిషన్ మీదే కూర్చోబెట్టావా!" అని నా కుట్టుమిషన్ వైపు జాలిగా చూసింది. నాకు నవ్వాగలేదు. మీ మేనత్త దగ్గర మాత్రం నవ్వు రాలేదు. ఇరవై ఆరేళ్ళు నిండాయి, గడ్చిరోలి అడవిలోకి పోతే సంబంధం ఎవడు తెస్తాడు అని ఆమె గొడవ. ఆమె బాధ ఆమెది. నువ్వు మనసులో పెట్టుకోకు.

పొద్దున నాలుగున్నరకు గంట, ఆరింటి దాకా ఎవరి ప్రార్థన వాళ్ళది, ఆ తర్వాత మరుగుదొడ్లు కడిగే వంతు, బోరింగు నుంచి నీళ్ళు మోసే వంతు అని రాశావు. ఇంట్లో చీపురు ముట్టమంటే తలనొప్పి వచ్చేది నీకు! సరేలే. నీ గదిలో ఉండే మిజోరం పిల్ల సంగతి నాకు బాగా నచ్చింది. వాళ్ళ దగ్గర ప్రతి ఇంట్లో ఆడవాళ్ళు పూటపూటా వండే ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెడతారట, బుహ్‌ఫాయ్ థామ్ అంటారట, అవి అమ్మిన డబ్బుతోనే ఆ పిల్ల లాంటివాళ్ళను మిషన్ పనికి ఊళ్ళకు పంపుతారట. మన చర్చి సంఘంలో అవ్వలు పిడికెడు బియ్యం అని డబ్బాలో వేసేది కూడా ఇదే కదా. ఆ పిల్ల వండుకునే కూర వాసన నీకు పడటం లేదన్నావు. మన ఎండుచేపల పులుసు వాసన ఆ పిల్లకు ఎలా ఉంటుందో ఒకసారి అడుగు.

మీ సారు మూతి ముందు కాగితం పెట్టి అక్షరాలు పలికిస్తాడని రాశావు చూడు, అది చదివి నేనూ చేశాను. జాకెట్టు కటింగ్ పేపరు ముక్క పెదాల ముందు పట్టుకుని "ప" అన్నాను, కదల్లేదు. ఒత్తు పెట్టి పలికితే ఎగిరింది. మనూళ్ళో ఎవరం ఒత్తులు పలకం కదా, నాలుగుసార్లు అంటే గానీ రాలేదు. అంతలో మీ అన్న కొడుకు వచ్చి, నానమ్మకు ఏమో అయిందని బయటికి పరుగెత్తాడు.

గోండిలో నీళ్ళను "ఏర్" అంటారన్నావు. మీ నాయన చటుక్కున "మన ఏరే గదా!" అన్నాడు. తెలుగూ గోండీ ఒక్క కుదురు భాషలేనని మీ సారు చెప్పినట్టు రాశావు కాబట్టి, అయ్యే ఉంటుంది. ఆ ఒక్క మాటతో నాకు మీ తాత గుర్తొచ్చాడు.

మీ తాత పాలమూరు లేబర్. నువ్వు పుట్టేనాటికి ఆయనకు ఒంట్లో సత్తువ పోయింది, నీకు మంచంలో దగ్గుతున్న తాతే తెలుసు. వయసులో ఉన్నప్పుడు నాగార్జునసాగర్ కట్ట మీద రాళ్ళు మోశాడు. ఆ తర్వాత మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఆ బాకీ తీరేదాకా ఎక్కడికి తోలుకుపోతే అక్కడికి పోయాడు. దసరా దాటాక పోతే మళ్ళీ వానలకే ఇల్లు చూసేది. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఒకసారి అడిగాను: భాష రాని ఊళ్ళలో ఎలా బతికావు మామా అని. ఏ దేశం పోయినా ముందు మూడు మాటలు పట్టుకోవాలి, నీళ్ళు, ఉప్పు, కూలి, మిగతావి వాటి వెనకే వస్తాయి అన్నాడు. మరాఠీలో అవేంటో కూడా చెప్పాడు: పాణీ, మీఠ్, మజూరీ. హిందీలో మీఠా అంటే తీపి, అక్కడేమో మీఠ్ అంటే ఉప్పు. ఆ తేడా తెలియక మొదటి వారం ఏం తిన్నాడో ఏం తాగాడో దేవుడికే ఎరుక.

ఎందుకు చెబుతున్నానంటే, మీ తాత ఆ ఊళ్ళకు అడుక్కునేవాడిలా పోయాడు. నీళ్ళు వాళ్ళిస్తేనే తాగాలి. నువ్వు ఇచ్చేదానిలా పోతున్నావు. చేతిలో మందుల పెట్టె ఉంటుంది, సంచిలో బైబిలు ఉంటుంది. ఇచ్చేవాళ్ళకు భాష సరిగ్గా రాకపోయినా పని నడిచిపోతుంది, అదే నా భయం. తీసుకునేవాళ్ళ గతి ఏమవుతుందో నేను చూశాను. ఇది నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

నీకు పద్నాలుగు నెలలప్పుడు మేం పుణేలో బిల్డింగు పనిలో ఉన్నాం. నీకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మీ నాయన స్లాబు పనిలో ఉన్నాడు, దిగడానికి లేదు. నేను ఒక్కదాన్నే నిన్ను కొంగులో చుట్టుకుని పెద్ద దవాఖానకు పోయాను. అక్కడ నర్సు మరాఠీలో ఏదో అడిగింది. నేను తలూపాను. ఇంకోటి అడిగింది. మళ్ళీ తలూపాను. ఊపకపోతే పొమ్మంటుందేమోనని భయం. ఆమె కాగితం మీద రాసుకుని బెంచీ చూపించి పోయింది. బెంచీ మీద గంటో రెండు గంటలో కూర్చున్నాను. నువ్వు ఏడవడం మానేశావు. ఏడుపు ఆగితే తగ్గిందనుకున్నాను. నీకిప్పుడు తెలుసు కదా, అది తగ్గడం కాదు.

అంతలో నేల తుడిచే ఆయా ఒకామె నా చీరకట్టు చూసి ఆగి, "తెలుగోళ్ళా?" అంది. సోలాపూర్ ఆమె. ముత్తాతలెప్పుడో మగ్గం పని కోసం మనవైపు నుంచి పోయిన పద్మశాలీలట, ఇంట్లో ఇంకా తెలుగే. గుడ్డ కింద పడేసి నీ ముఖం చూసి ఒక్కటే అడిగింది: "పాప ఉచ్చ పోసిందా అమ్మా?" పొద్దటి నుంచి పోయలేదన్నాను. ఆమె నర్సు మీదికి అరుచుకుంటూ పోయింది. నర్సు వచ్చి కాగితం చూపించి నన్ను తిట్టింది. ఆమె మొదట అడిగింది కూడా అదేనట. పోసిందని తలూపింది నేనేనట. డాక్టరు నీ పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలితే అది అలాగే మడతపడి నిలబడింది. ఆ మడత నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంటుంది. సెలైన్ పెట్టారు. రాత్రి పదింటికి నా ఒడి తడిపావు. నేనూ ఆ ఆయా ఒకరి చేతులు ఒకరం పట్టుకుని ఏడ్చాం.

ఆ నర్సు చెడ్డమనిషి కాదు. తన పని తను చేసింది. కానీ ఆ రోజు నిన్ను బతికించింది మందుకంటే ముందు ఆ ఒక్క ప్రశ్న. ఆ ఆయాది మన సంఘమూ కాదు, మన దేవుడూ కాదు. ఇది చర్చిలో సాక్ష్యం చెప్పమంటే నేను ఎప్పుడూ చెప్పలేదు, చివర్లో ఎవరికి స్తోత్రం అనాలో తెలియక.

చర్చిలో మిషనరీల కథలు చాలా విన్నాం. రష్యా నుంచి ఫ్రీసెన్ దొర వచ్చి 1890ల్లో నల్లగొండలో ఎలా నాటుకున్నాడో, షెల్లెన్‌బర్గ్ డాక్టరమ్మ 1907లో వచ్చి, పెళ్ళి లేదు పిల్లల్లేరు, 1945లో శంషాబాద్‌లోనే ఎలా కన్నుమూసిందో. నువ్వు పుట్టిన జడ్చర్ల మిషన్ దవాఖాన కూడా అలా వచ్చినవాళ్ళు నిలబెట్టిందే. నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు. కానీ ఆ డాక్టరమ్మకు మొదటి తెలుగు మాట ఎవరు నేర్పారో, మన ఆడవాళ్ళలో ఎవరు ఆమెకు మొదటిసారి జొన్నరొట్టె పెట్టారో ఏ పాస్టరూ చెప్పడు. ఆ పేర్లు ఎవరూ రాసిపెట్టుకోలేదు. నువ్వు రాసిపెట్టుకో బిడ్డా. నీకు మాట నేర్పినవాళ్ళ పేర్లు ఒక నోటుబుక్కులో రాసుకో.

మీ క్లాసులో ప్రకాశ్ ఆమ్టే డాక్టరు గురించి చెప్పారని రాశావు. 1973 చివర్లో గడ్చిరోలి అడవిలో హేమల్‌కసాలో మొదలుపెడితే, మొదట్లో జనం దగ్గరికే రాలేదనీ, ఆ భార్యాభర్తలు అక్కడి గోండుల మాడియా భాష నేర్చుకున్నారనీ. వాళ్ళు మిషనరీలు కాదు, ఎవరినీ ఏ మతంలోకీ రమ్మనలేదు. వాళ్ళ గురించి మీకు చెప్పిన సారు ఎవరో గానీ నాకు నచ్చాడు. నా మాట ఒకటి విను. జ్వరంతో వచ్చినవాళ్ళకు జ్వరం మందే ఇవ్వు. దానితోపాటు ఇంకేదీ చేతిలో పెట్టకు. నీ దేవుడెవరని వాళ్ళంతట వాళ్ళు అడిగిన రోజు చెబుదువుగానీ. అడగకపోతే, వాళ్ళకు నయమైంది కదా, అది చాలు. నేను ఇలా రాశానని మన పాస్టరుగారికి తెలిస్తే మందలిస్తాడు. మందలించనీ.

భయం లేదా అంటే ఉంది. 1999 జనవరిలో ఒడిశాలో మిషనరీ స్టెయిన్స్‌గారినీ ఇద్దరు కొడుకులనూ బండిలో నిద్రపోతుండగా కాల్చేసినప్పుడు నువ్వు నా కడుపులో ఉన్నావు. భార్య క్షమించానందని అందరూ ప్రసంగాల్లో చెబుతారు. నాకు మాత్రం ఆ రాత్రి ఆ తల్లి ఎక్కడ కూర్చుని ఉందో, ఎవరు కబురు తెచ్చారో, అదే మనసులో తిరిగేది. మీ నాయన బయటపడడు గానీ, పొద్దున పేపర్లో ముందు గడ్చిరోలి అని ఎక్కడైనా ఉందా అని చూసి, ఆ తర్వాతే టీ తాగుతున్నాడు.

ఆయన ఒక మాట రాయమన్నాడు, ఆయన చెప్పినట్టే రాస్తున్నాను: "అక్కడ పడకపోతే వచ్చెయ్. మూడు నెలలకైనా సరే, మూడు రోజులకైనా సరే. ఎవరేమనుకుంటారో అని ఆగకు. బస్టాండుకు నేనొస్తా." అందరూ నిలబడ్డవాళ్ళ గురించే చెబుతారు గానీ, 1899లో అమెరికా నుంచి మనవైపు వచ్చిన హీబర్ట్ దొర ఆరోగ్యం నిలవక కొద్దికాలానికే తిరిగి వెళ్ళిపోయాడట. వెళ్ళి అక్కడి నుంచే చాలా ఏళ్ళు మిషన్ పని చూశాడట. వెనక్కి వచ్చినవాళ్ళను మనవాళ్ళు ఓడిపోయారనుకుంటారు. మీ తాత ప్రతి ఏడూ వెనక్కి వచ్చేవాడు, అవ్వ ఏనాడూ అలా అనుకోలేదు.

నీ ట్రైనింగు ఇంకా మూడు నెలలుంది కాబట్టి పార్శిల్ పంపుతున్నాను. పల్లీల కారం రెండు డబ్బాలు, ఒకటి ఆ మిజోరం పిల్లకు. కారం తగ్గించాను, చూసి ఇవ్వు. జొన్నపిండి పురుగు పడుతుందని పంపలేదు. లంగాలు మూడు, నాడాలు గట్టివి వేశాను. గుండిగ కింద మంట ఎక్కువైనప్పుడు కట్టెలు బయటికి లాగాలి, నీళ్ళు చల్లకు.

"ఏర్" నేర్చుకున్నావు, బాగుంది. "బిడ్డ ఉచ్చ పోసిందా" అని గోండి తల్లిని ఎలా అడగాలో మీ సారును అడిగి వచ్చే ఉత్తరంలో రాయి. పుస్తకంలో మాట కాదు, ఇంట్లో ఆడవాళ్ళు అనుకునే మాట. ఆయనకు తెలియకపోతే, తెలిసిన ఆడమనిషి దొరికేదాకా అడుగుతూనే ఉండు.

మీ అమ్మ