మార్కులు వేయని బొమ్మల డైరీ

సంపాదకులకు నమస్కారం.

నేను అనంతపురంలో విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుణ్ని. ఉదయంపూట జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి పత్రికలు చదవడం నాకు అలవాటు. పత్రికలు చదివేవాళ్ల కంటే పోటీ పరీక్షలకు చదువుకునే యువతీయువకులే అక్కడ ఎక్కువగా కనిపిస్తారు. వాళ్లలో 2018 డీఎస్సీ నాటి నుంచి ఎదురుచూసినవాళ్లున్నారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ప్రకటన రద్దయి, 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మరొకటి వచ్చేలోగా కొందరికి పెళ్లిళ్లయ్యాయి, కొందరు మందుల దుకాణాల్లో పనికి చేరారు, మరికొందరు అదే బల్ల దగ్గర అదే పుస్తకం తిరగేస్తూ ఉండిపోయారు. ఊళ్లో వాళ్ల తల్లిదండ్రులది ఇంకో రకం ఎదురుచూపు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే చోట, అదీ ఎప్పుడు కురుస్తుందో తెలియని చోట, వేరుశనగ విత్తనం ఇంట్లో పెట్టుకుని పదును వాన కోసం ఆకాశం చూడడమే జూన్, జులై నెలల్లో వాళ్ల పని. ఇలాంటి కాలాన్ని గడపడానికి ఆసరాగా ఉండే బొమ్మల డైరీ గురించి కొంత చెప్పి, గ్రంథాలయ సంస్థకు ఒక విన్నపం చేసుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

బొమ్మల డైరీ అంటే గీతలు లేని తెల్లకాగితాల పుస్తకంలో ఆ రోజు మనసులో ఉన్నదాన్ని గీసుకోవడం, రంగు పూసుకోవడం, బస్సు టికెట్టో విత్తనాల సంచి మీది చీటీయో అతికించుకోవడం, పక్కన నాలుగు మాటలు రాసుకోవడం. అతికించడానికి మైదాపిండి ఉడికించిన జిగురు చాలు. బొమ్మ బాగుండాలన్న నియమం లేదు. ఈ చివరి మాట చెప్పడం నాబోటివాడికి సులభం కాదు. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు పిల్లలను తయారు చేసి, ఒక గీత వంకరపోతే ఎర్ర సిరాతో సున్నా చుట్టినవాణ్ని నేను. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద నిండుగా పారే నది, ఇదే బొమ్మను ఏళ్ల తరబడి వేయించాను. ఆ నది అనంతపురంలో ఎక్కడుంది సార్ అని ఒక్క పిల్లవాడూ అడగలేదు, నాకూ తోచలేదు.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు మా అబ్బాయి బెంగళూరులో చిక్కుకుపోయాడు. పొద్దుపోక నీటిరంగుల పెట్టె తీసి కూర్చుంటే, అంతకాలం పిల్లలకు నేర్పిన బొమ్మల్లో ఒక్కటీ వేయబుద్ధి కాలేదు. నాలుగో రోజు మా గేటుకు వేసిన తాళం వేశాను. మర్నాడు మళ్లీ అదే తాళం. తర్వాత కత్తిరించిన పాల పాకెట్టు అంచు, చార్జింగుకు పెట్టిన ఫోను, వాకిట్లో మునగచెట్టు. వాటిలో చెప్పుకోదగ్గ బొమ్మ ఒక్కటీ లేదు. అయితే ఆ అరగంటా టీవీలో లెక్కలు చూడకుండా ఉండగలిగాను. అబ్బాయికి ఏమవుతుందోనన్న భయం పోలేదు గానీ, తలంతా కమ్ముకున్న భయం ఒక పేజీకి సరిపడేంత అయ్యింది.

ఆ పుస్తకం చూసి మా ఇంటావిడ నవ్వి, బీరువాలోంచి తన ముగ్గుల పుస్తకం తెచ్చింది. పెళ్లయినప్పటి నుంచి ఆమె వాడుతున్న పాత లెడ్జరు అది. ఒక పక్క చుక్కల ముగ్గులు, అంచుల్లో పాలలెక్క, చాకలి పద్దు, ఎవరో చెప్పిన కషాయం కొలత ఉన్నాయి. ఒకచోట వరసగా పది పన్నెండు పేజీలకు ముగ్గులు తప్ప ఏమీ లేవు. అడిగితే, వాళ్ల నాన్న పోయినప్పుడు మైల రోజుల్లో వాకిట ముగ్గు పెట్టకూడదు గనుక చెయ్యి ఊరుకోక పుస్తకంలో పెట్టుకున్నానంది. బొమ్మల డైరీ అన్న పేరు తెలియకుండానే నాకంటే ఎన్నో ఏళ్ల ముందు ఆమె ఆ పని చేసింది. ఆ పుస్తకం ఇంట్లోనే ఉన్నా, డ్రాయింగ్ మాస్టారినై ఉండి నేను ఒక్కనాడూ తెరవలేదు.

ఇది కేవలం మా ఇంటి అనుభవం కాదు. 1986లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ అనే పరిశోధకులు తమ అధ్యయనాన్ని ప్రచురించారు. అందులో కళాశాల విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున, తమను బాగా కలతపెట్టిన సంగతులను రాయించారు. జరిగినదాన్నీ, దాని వల్ల కలిగిన బాధనూ కలిపి రాసినవాళ్లకు రాసిన వెంటనే దిగులు పెరిగింది, కానీ తర్వాతి నెలల్లో వాళ్లు ఆరోగ్యకేంద్రానికి వెళ్లడం తగ్గింది. బొమ్మల విషయానికి వస్తే, 2016లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయానికి చెందిన గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దవాళ్లకు రంగులు, బంకమట్టి, అతికించుకునే కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు నచ్చింది చేసుకోమంది. ముందూ తర్వాతా లాలాజలాన్ని పరీక్షిస్తే, ఒత్తిడిని సూచించే కార్టిసాల్ సుమారు 75 శాతం మందిలో తగ్గింది. బొమ్మలు వేయడం ముందే తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ ఇందులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఎర్ర సిరాతో సున్నాలు చుట్టిన నాకు ఈ చివరి సంగతి కొంచెం గుచ్చుకుంది.

మిగిలిన పాతిక శాతం మందిలో తగ్గలేదని కూడా చెప్పాలి. అదీగాక ఆ పరీక్ష కొద్దిమంది మీద, ఒక్కసారి, చిత్రకళా చికిత్స తెలిసిన వ్యక్తి సమక్షంలో జరిగింది. అందువల్ల బొమ్మల డైరీని మందుగా ప్రచారం చేయడం సరికాదు. వాన కురవకపోతే డైరీ కురిపించదు, ప్రకటన రాకపోతే తెప్పించదు. గీసేకొద్దీ గుండె బరువెక్కుతున్నవాళ్లు, నిద్ర పట్టనివాళ్లు, బతకాలనిపించనివాళ్లు పుస్తకం పక్కనపెట్టి ఇంట్లోవాళ్లకు చెప్పుకోవాలి, వైద్యుణ్ని కలవాలి. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు 14416 నంబరు మీద ఫోను చేసి ఉచితంగా మాట్లాడవచ్చు.

నా దగ్గర చదువుకుని ఇప్పుడు కళ్యాణదుర్గం వైపు సేద్యం చేస్తున్న ఒకాయన, పద్దు పుస్తకంలోనే రోజుకొక చిన్న గడి గీసి అందులో ఆనాటి ఆకాశం రంగు నింపుతాడు. మబ్బు పట్టి కురవకుండా వెళ్లిన రోజుకు ఆయన పెట్టుకున్న గుర్తు, మూసిన గొడుగు. నిరుడు ఒక నెలలో అలాంటి గొడుగులు పదకొండు లెక్కపెట్టి చూపించి ఇద్దరం నవ్వుకున్నాం. అప్పు తీరి నవ్వుకున్న నవ్వు కాదది. అయినా అంతకుముందు ఏడాది ఆ లెక్క చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో నవ్వు లేదు.

ఇక నా విన్నపం. ఏదైనా మంచి పనిని బడిలో ప్రవేశపెడితే, మరుసటి నెలకే దానికి పోటీ పెట్టి, మొదటి బహుమతి, రెండో బహుమతి ఇచ్చి, ఫొటో తీయించడం మన అలవాటు. నేను పనిచేసిన ఒక బడిలో పిల్లల చేత సొంత డైరీలు రాయించి, వాటిని గణతంత్ర దినోత్సవం నాడు ప్రదర్శనకు పెట్టాం. మర్నాటి నుంచి ఆ డైరీల్లో సూక్తులు తప్ప మరేమీ కనిపించలేదు. ఆ తప్పులో నాకూ వాటా ఉంది. పైన చెప్పిన ముగ్గుల పుస్తకాన్ని ఎవరైనా చూస్తారని తెలిసి ఉంటే మా ఇంటావిడ ఆ పది పన్నెండు పేజీలు నింపేది కాదు. బొమ్మ సగంలో ఆగినా ఫరవాలేదు. లేపాక్షిలో కల్యాణమండపం అసంపూర్తిగానే ఉంది, దానికి ఎవరూ మార్కులు తగ్గించడం లేదు.

మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కలిసి ఉంటుంది. ఆ సొమ్ముతో నడిచే జిల్లా గ్రంథాలయ సంస్థ, పరీక్షలకు చదువుకునే గది పక్కన వారంలో ఒక సాయంత్రం రెండు గంటలపాటు ఒక బల్ల కేటాయిస్తే చాలు. తెల్లకాగితాల పుస్తకాలు, మైనపు రంగులు, నాలుగు కత్తెరలు పెద్ద ఖర్చు కాదు. మొదటి ఏడాదికి సరిపడా రంగులు నేనిస్తాను, వారం వారం వచ్చి కూర్చుంటాను, అడిగితే తప్ప ఎవరి పుస్తకంలోకీ తొంగి చూడను. ఇళ్లలో పుస్తకం దాచుకునే చోటు లేని ఆడపిల్లల కోసం, అరకొక తాళం ఉన్న ఒక చిన్న అలమారా మాత్రం తప్పకుండా ఏర్పాటు చేయాలని, తాళంచెవులు ఎవరివి వాళ్ల దగ్గరే ఉండనివ్వాలని సంస్థ అధికారులను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు,
అనంతపురం.