పాన్‌హ్యాండిల్ పశురైతుల సహాయ నిధి: జమా ఖర్చుల వివరణ (2024 సెప్టెంబరు 30 వరకు)

దాతలందరికీ నమస్కారం. 2024 ఫిబ్రవరి 26న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రపు ఉత్తర కొన అయిన పాన్‌హ్యాండిల్‌లో స్టినెట్ ఊరి దగ్గర అంటుకున్న స్మోక్‌హౌస్ క్రీక్ మంట పది లక్షల ఎకరాలకు పైగా కాల్చేసింది. వేల పశువులు పోయాయి. అక్కడి హెంఫిల్ కౌంటీ రైతుల కోసం మీరిచ్చిన డబ్బు లెక్క ఇది.

జమ: విరాళాలు 28,450 డాలర్లు, ఉద్యోగుల పేరిట కంపెనీలు కలిపిన మ్యాచింగ్ 8,000, ఉగాది ఫుడ్ స్టాల్‌లో ఖర్చులు పోను మిగిలింది 6,310. మొత్తం 42,760.

ఖర్చులో పెద్ద పద్దు కంచెలది, 27,900. గడ్డి కొనకుండా ఇనప తీగలు కొనడమేమిటని చాలామంది అడిగారు. గడ్డి దేశం నలుమూలల నుంచి లారీల్లో వచ్చిపడింది. అందుకే మేం పంపిన ఒక్క గడ్డి లారీ కిరాయి 2,850 కట్టి అక్కడితో ఆపేశాం.

"ప్రభుత్వం ఇస్తోందిగా, మళ్లీ మనమెందుకు?" అన్నదీ న్యాయమైన ప్రశ్నే. ఇస్తోంది. చచ్చిన పశువుకు అమెరికా వ్యవసాయ శాఖ వారి లైవ్‌స్టాక్ ఇండెమ్నిటీ ప్రోగ్రాం (పశునష్ట పరిహార పథకం) కింద సగటు మార్కెట్ ధరలో 75 శాతం వస్తుంది. అయితే ఎన్ని ఉండేవో, ఎన్ని పోయాయో ఫొటోలతో, కాగితాలతో రుజువు చూపించాలి. 2024లో ఈనబోయే ఆవు పోతే కడుపులో దూడకు లెక్కే ఉండేది కాదు. కాలిన కంచెకు అదే శాఖ వారి ఎమర్జెన్సీ కన్సర్వేషన్ ప్రోగ్రాం (విపత్తులో దెబ్బతిన్న పొలాల బాగుకు సాయపడే పథకం) మామూలుగా 75 శాతం దాకా భరిస్తుంది. కొంత ముందుగా అడిగి తీసుకోవచ్చు గానీ, ఎక్కువ భాగం పని పూర్తయ్యి తనిఖీ జరిగాకే చేతికొస్తుంది. ఈలోగా సామాను అప్పు తేవాల్సింది రైతే. ఐదు తీగల కంచె మైలు పొడవున వెయ్యాలంటే 1,320 అడుగుల ముళ్లతీగ చుట్టలు 20 కావాలి. గుంజలు, కూలి వేరే. ఆ మిగతా పాతిక శాతం దగ్గరే చిన్న రైతు ఆగిపోతున్నాడు. అందుకే తొమ్మిది కుటుంబాలకు నగదు ఇవ్వకుండా, గుంజలు, తీగ కొని దించాం. ఆర్డరు మధ్యలో ఒక దుకాణం వాళ్లు రేటు పెంచితే, మిగతా సరుకు వేరే చోట తెచ్చాం.

తల్లి పోయిన దూడలకు పాలపొడి, సీసాలు 4,180. పొదుగులు, గిట్టలు కాలిన పశువుల మందులు 3,600. ఆన్‌లైన్ చెల్లింపుల కమిషన్ 812.

ఇవి మాంసానికి పెంచే పశువులు కదా అని ఇద్దరు దాతలు బాధపడ్డారు. మేం వాదించలేదు. వారి 350 వారికి తిరిగిచ్చేశాం. కమిటీలోనూ ఈ మాట మీద గట్టిగానే చర్చ జరిగింది. ఒళ్లు కాలిన దూడకు పాలు పట్టడానికి అది అడ్డు కాదన్నదే ఎక్కువమంది అభిప్రాయం. సభ్యుల ప్రయాణం, భోజనం ఎవరిది వారే పెట్టుకున్నారు.

మొత్తం ఖర్చు 39,692. నిల్వ 3,068. తొమ్మిదింటిలో ఒక కుటుంబానికి కంచె తనిఖీ ఇంకా కాలేదు. ప్రభుత్వ వాటా వచ్చేదాకా వాళ్లకు అవసరపడుతుందని ఈ నిల్వను అలాగే ఉంచాం. రశీదులు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఏ దాతైనా అడిగి చూసుకోవచ్చు.