తోట పోయిన తోట బంగళాలు

సంపాదకులకు,

అయ్యా,

చెన్నైలోని పాత బంగళాల పరిరక్షణ గురించి ఆలోచించేవారు స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో ఉన్న హోమ్‌వుడ్ హౌస్‌ను ఒకసారి పరిశీలించాలని మనవి. కాగితపు మిల్లు యజమాని జేమ్స్ కూపర్ కోసం అలెగ్జాండర్ థామ్సన్ అనే వాస్తుశిల్పి 1857–58లో కట్టిన నియోక్లాసికల్ (ప్రాచీన గ్రీకు, రోమన్ కట్టడాల తీరును అనుసరించిన) విల్లా అది. గ్రీకు శైలిపై మక్కువ వల్ల ఆయనకు ‘గ్రీక్’ థామ్సన్ అనే పేరు స్థిరపడింది కానీ, ఆయన గ్రీసు దేశంలో ఎన్నడూ అడుగుపెట్టలేదు.

ఆ తరహా భవనాలు చాలావరకు కుడి ఎడమలు ఒకే తీరుగా ఉంటాయి. హోమ్‌వుడ్ అలా ఉండదు. ముఖభాగంలో ఒక పక్క కూర్చునే గది గుండ్రంగా ముందుకు వచ్చి, చుట్టూ స్తంభాలతో చిన్న మండపంలా కనిపిస్తుంది. కిటికీ అద్దాలను స్తంభాల మధ్య బిగించకుండా వాటి వెనుక విడిగా అమర్చడం వల్ల ప్రతి స్తంభం తన నీడతో సహా నిండుగా నిలుస్తుంది. ఈ ఒక్క నిర్ణయంలోనే థామ్సన్ ప్రతిభ తెలిసిపోతుందని నా అభిప్రాయం. మరో పక్క భోజనశాల ఉంది. దాని గోడల పైభాగాన, ఆంగ్ల శిల్పి జాన్ ఫ్లాక్స్‌మన్ గీసిన చిత్రాల ఆధారంగా వేసిన గ్రీకు ఇతిహాసం ఇలియడ్ దృశ్యాలు వరుసగా సాగుతాయి. ఇంటి నుంచి బయలుదేరిన పొడవాటి గోడ బండ్లశాల దాకా వెళ్లి ఇంటినీ ఆవరణనూ ఒకే కట్టడంగా కలుపుతుంది.

తరువాతి కాలంలో గోడల మీది అలంకరణలపై మామూలు రంగులు పూశారు. 1994లో వారసత్వ కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లండ్ సంస్థ ఆ ఇంటిని స్వీకరించాక, ఆ పొరలను ఓపికగా గీకి తొలినాటి రంగులను వెలికితీయడంతో పాటు పెరటి కూరగాయల తోటను కూడా విక్టోరియా కాలపు మొక్కలతో తిరిగి పెంచారు.

మన నగరంలోనూ ఇటువంటి సంపద ఉంది. అడయారు నది ఒడ్డున జార్జ్ మౌబ్రే అనే ఆంగ్లేయుడు కట్టించిన ఇల్లు, నేటి మద్రాసు క్లబ్బు, నదినీ చెట్లనూ చూస్తూ నిలబడినందువల్లనే తోట బంగళా అనిపించుకుంటోంది. అయితే చాలాచోట్ల ముందు వరండాను మాత్రం మిగిల్చి, ఆవరణను ముక్కలు చేసి అపార్ట్‌మెంట్లకు ఇచ్చేస్తున్నారు. మరమ్మతుల తీరు కూడా బాధ కలిగిస్తోంది. గుల్లసున్నంతో పాలరాయిలా మెరుగుపెట్టిన మద్రాసు స్తంభాలకు సిమెంటు పూస్తే ఇటుకలోని చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ఈ మధ్య నేను చూసిన ఒక బంగళాలో స్తంభం అడుగున సిమెంటు ఉబ్బి ఉంది; చేత్తో తాకగానే పెచ్చు ఊడి, దాని వెనుక పాత సున్నం తడిపొడిగా రాలిపడింది.

తమిళనాడు వారసత్వ కమిషన్ చట్టం 2012లోనే వచ్చింది. దాని కింద కట్టడాలను గుర్తించేటప్పుడు ఇంటితో పాటు ప్రహరీ, గేటు స్తంభాలు, బావి, గుర్రపుశాల, పెద్ద చెట్లు, గేటు నుంచి పోర్టికో వరకు ఉన్న బాట, ఇవన్నీ కొలతలతో సహా పటంలో నమోదు చేయాలని, సున్నం పని తెలిసిన మేస్త్రీలకే మరమ్మతులు అప్పగించే నిబంధన పెట్టాలని మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
మాంబళం, చెన్నై